పవరు లేని కళ్లద్దాలు: స్త్రీవేషంలో ఆహార్యం

తిరుపతి గంగమ్మ జాతరలో మగవాడు చీర కట్టి కనిపిస్తే మా ప్రాంతంలో ఎవరూ విడ్డూరంగా చూడరు. మొక్కు ఉంటుంది, సవరం పెట్టి జడ వేసుకుంటాడు, పూలు ముడుచుకుంటాడు, తాతయ్యగుంట గుడికి వెళ్లి వస్తాడు. కొన్నేళ్ల కిందటి జాతరలో మాత్రం ఆ వరసలో ఇమడని వస్తువొకటి నా కంటపడింది. నా దగ్గర చదువుకున్న కుర్రాడే. నూలు చీర, భుజాన సంచి, ముక్కు మీద సన్నని ఫ్రేము కళ్లద్దాలు. చదువుకునే రోజుల్లో అతనికి చూపు లోపం లేదు.

“ఇవెందుకురా?” అన్నాను.

“ఉత్త అద్దాలే సార్, పవరు లేదు. ఇవి లేకుంటే జనం నేరుగా మొగంలోకి చూస్తారు, గడ్డం గొరిగిన జాడ ఎతుకుతారు. ఇవుంటే ముందు అద్దాలు చూస్తారు. ఎవరో టీచరమ్మ అనుకుంటారు.”

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. మన విమర్శలో ఆహార్యానికి చిన్నచూపు. పాత్రంటే మనసనీ, బట్టలూ వస్తువులూ పైపై సంగతులనీ అనుకుంటాం. కానీ ఈ అద్దాలు చేస్తున్న పని చూడండి. మగవాళ్లకు సాధారణంగా కనుబొమల దగ్గరి ఎముక కాస్త ముందుకు పొడుచుకొని ఉంటుంది. ఫ్రేము పై అంచు సరిగ్గా అక్కడ కూర్చుని దాన్ని మరుగుపరుస్తుంది. అంతకన్న ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. చీర, జడ, పూలు ‘స్త్రీ’ అని మాత్రమే చెబుతాయి. అద్దాలు ఆమె చదువునూ, వయసునూ, ఉద్యోగాన్నీ సూచిస్తాయి. కథకుడు పాత్రను నిర్మించే పద్ధతి ఇదే.

గంగమ్మ కథలోనూ వేషం ఒక ఉపాయమే. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేషాలు మారుస్తుంది. బైరాగి, బండ, తోటి అయ్యాక దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి చంపుతుంది. ఆ వేషాలు కట్టేది కైకాల కుటుంబాల మగవాళ్లు. అంటే మగవాడు దేవత అవుతాడు, ఆ దేవత మళ్లీ మగదొర అవుతుంది! ఇంత చిక్కు కల్పనను మన జనం వ్యాఖ్యానం లేకుండానే అందుకుంటారు. అయితే అవన్నీ ఖాయమైన నమూనాలు. స్థానం నరసింహారావు సత్యభామకు కూడా అద్దాల అవసరం రాలేదు. రాణికి నగలు చాలు. ఉద్యోగం చేసే స్త్రీ వచ్చాకే ఈ వస్తువుకు పని పడింది. ‘టూట్సీ’ (1982), ‘మిసెస్ డౌట్‌ఫైర్’ (1993) రెండింటిలోనూ మగవాడు పెద్దరికం గల స్త్రీగా మారినప్పుడు కళ్లజోడు పెట్టుకున్నాడు.

నా తప్పొకటి ఒప్పుకోవాలి. బడి వార్షికోత్సవానికి నేను రాసిన ఒక నాటికలో పంతులమ్మ వేషం కట్టిన పిల్లవాడికి కళ్లజోడు ముక్కు చివరికి జార్చి పెట్టించాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు పడింది చదువుకున్న ఆడమనిషి మీద. అదే వస్తువు ఈ కుర్రాడి ముఖం మీద ఎవరినీ వెక్కిరించడం లేదు. పైగా అతను వేషం కడుతున్నది మొక్కు కోసం మాత్రమే కాదని మాటల్లోనే తెలిసింది. “జాతర అయిపోయినాక తీసేయాల గదా సార్, అదే బాధ” అన్నాడు.

నిజాం రాజ్యంలో 1919 నాటి శాసనం నపుంసకులుగా ముద్రపడినవాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో కొట్టివేసింది. తిరుపతి ఆ శాసనం కిందికి ఎన్నడూ రాలేదు. అయినా జాతర మర్నాడు ఇక్కడి వీధి ఏమంత భిన్నంగా ఉంటుంది?

వెళ్లబోతూ, “పవరు లేదని మీరెట్ల కనిపెట్టినారు సార్?” అన్నాడు. నాది మైనస్ నాలుగు. అలాంటి అద్దం వెనక కన్ను చిన్నదవుతుంది, చెంప గీత లోపలికి జరిగినట్టుంటుంది. నీ చెంప ఉన్నచోటే ఉందిరా అని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

“అయితే కొంచెం పవరు ఏయించుకోనా?”

“వద్దురా, తలనొప్పి వస్తుంది” అన్నాను.