పాలవంటి ఎముకల చారు

జపాను దేశపు దక్షిణ భాగమున క్యూషూ అను ద్వీపము కలదు. అందు ఫుకువోకా మండలమునకు చెందిన కురుమె పట్టణమున ఒక పొరపాటు వలన పుట్టిన వంటకము నేడు పెక్కు దేశముల మహానగరములకు ప్రాకినది. దాని పేరు తోన్‌కొత్సు రామెన్. 'తోన్' అనగా పంది, 'కొత్సు' అనగా ఎముక. గోధుమపిండి నూడిల్స్‌తో కూడిన చారు రామెన్. ఉచ్చారణయే వృత్తిగా గల నావంటివాడు ఇచట ఒక మాట చెప్పక తప్పదు. 'తోన్‌కొత్సు' వేరు, 'తోన్‌కత్సు' వేరు. రెండవది రొట్టెపొడి అద్ది నూనెలో వేచిన పందిమాంసపు ముక్క. ఒక్క అచ్చు మారిన, వడ్డన మారిపోవును.

రామెన్‌కు మూలము చీనా దేశపు వంట. 1937లో మియామొతొ తొకియో అను ఆయన కురుమెలో 'నాన్‌కిన్ సెన్‌ర్యో' అను బండి అంగడి పెట్టి, పంది ఎముకల చారుతో రామెన్ అమ్మసాగెను. అయితే ఆయన చారు తేటగా నుండెడిది. పిమ్మట 1947లో అదే పట్టణమున 'సాన్‌క్యూ' అను అంగడి నడపుచున్న సుగినొ కత్సుమి ఒకనాడు చారు పొయ్యి మీద నుంచి, చూచుచుండుమని తల్లికి అప్పగించి, సరకులకు వెళ్లెనట. తిరిగి వచ్చునప్పటికి చారు మితిమీరి తెరలకాగి పాలవలె తెల్లబడి యుండెను. పారబోయవలసినదే యనుకొని రుచి చూడగా, మునుపటి దానికన్న మిన్నగా నున్నది. తెల్లని తోన్‌కొత్సు కథ ఇదియేనని కురుమెవారు చెప్పుదురు.

ఆ తల్లి చేతిలో జరిగినదేమి? ఎముకలను అంటియుండు నరములయందును, తోలునందును, కీళ్లయందును కొల్లాజెన్ అను మాంసకృత్తు కలదు. చాలసేపు నీట ఉడికిన అది విడివడి జెలటిన్‌గా మారి చారులో కరగును. మూలుగయందలి కొవ్వు కూడ కరిగి పైకి వచ్చును. సన్నని సెగను ఉడికించినచో ఆ కొవ్వు మీదనే తేలియుండును, క్రింది చారు తేటగానే మిగులును. చారు తెరలకాగినపుడు మాత్రము ఆ ఉద్ధృతికి కొవ్వు చిదికి కంటికి కనబడని బిందువులగును. జెలటిన్ ఒక్కొక్క బిందువును చుట్టి, తిరిగి ఒకదానితో నొకటి కలియనీయదు. ఆ బిందువులపై బడిన వెలుతురు నలుదెసల చెదరుట చేత చారు తెల్లగా కనబడును. పాలు తెల్లగా కనబడుటకును చాల వరకు ఇదియే కారణము.

ఈ సంగతి తెలియక నేను మొదటిసారి మోసపోతిని. ఎముకల చారు ఎన్నడును తెరలరాదని చిన్ననాట ఇంట విన్న మాట నా తలలో నాటుకొని యుండెను. ఒక ఆదివారము ఎనిమిది గంటలపాటు సన్నని సెగపై కాచితిని. చివరకు వచ్చినది బంగారు వన్నెగల తేట చారు. మా శ్రీమతి గరిటెతో ఎత్తి చూచి, "ఏమండీ, ఎముకలు కడిగిన నీళ్లకు ఇంత గ్యాసు ఎందుకండీ?" అన్నది. చెడ్డ చారు కాదు, కాని అది తోన్‌కొత్సు కాదు. మరి ఆ చారునే మరునాడు పెద్దమంటపై ముప్పావు గంట తెరలగాచితిని. నా కన్నుల యెదుటనే అది తెల్లబడినది!

ఇక చేయు విధము. ఆరుగురికి ఒక కిలో పందికాళ్లు, ఒకటిన్నర కిలో తొడ ఎముకలు, వెన్నెముకలు కావలెను. కాళ్ల మీది వెండ్రుకలను కాల్చి గీకించి, తొడ ఎముకలను మూలుగ బయటపడునట్లు అంగడిలోనే కొట్టించుకొనవలెను. పాయా వండు ఇండ్లవారికి ఈ పని క్రొత్త కాదు. అన్నిటిని ఒక రాత్రి చల్లని నీట వేసి ఫ్రిజ్‌లో నుంచిన నెత్తురు చాల వరకు దిగిపోవును. మరునాడు ఆ నీరు పారబోసి, క్రొత్తనీరు పోసి, పదిహేను నిమిషములు ఉడికించి ఆ నీటిని కూడ పారబోయవలెను. అటుపై ఒక్కొక్క ఎముకను కుళాయి క్రింద పట్టి, సందులలో నల్లగా గడ్డకట్టిన నెత్తురును పుల్లతోనో పాత బ్రష్షుతోనో తీసివేయవలెను. ఇది విసుగు పుట్టించు పని. కాని చారు బూడిదరంగునకు దిగుటకును, నీచువాసన కొట్టుటకును కారణము ఈ నెత్తురే. నా మట్టుకు నేను ఇతర పనులలో తొందరపడుదును గాని దీనిలో పడను.

అంగళ్లలో పన్నెండు మొదలు పదునెనిమిది గంటలు కాచుదురు. గృహస్థులకు అంత ఇంధనము, ఓపిక ఉండవు. పది లీటర్ల ప్రెషర్ కుక్కరున్నచో చాలును. ఎముకలు వేసి నాలుగు లీటర్ల నీరు పోయవలెను. మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. ఆవిరి వచ్చిన పిదప సెగ తగ్గించి రెండున్నర గంటలుంచవలెను. నడుమ ఒకమారు దింపి, ఆవిరి తనంతట తాను పోయిన తరువాత మూత తీసి, నీరు సరిపోవునో లేదో చూచుకొనుట క్షేమము. బరువును బలవంతముగా ఎత్తిన కొవ్వుతో కూడిన చారు పైకి చిమ్మును. కాలము పూర్తియైన తరువాత మూత తీసివేసి, ఉల్లిపాయ, అల్లము, వెల్లుల్లి వేసి, పెద్దమంటపై గంటసేపు తెరలగాచవలెను. మెత్తబడిన ఎముకలను పప్పుగుత్తితో చిదుపుచు, అడుగంటకుండ కలియబెట్టుచుండవలెను. జపానువారికి పప్పుగుత్తి తెలియదు, తెలిసియుండిన విడువరు. రెండు లీటర్లు మిగిలినపుడు వడకట్టవలెను.

చారులో ఉప్పు వేయరాదు. నీరు ఇగిరిన కొలది ఉప్పదనము పెరిగిపోవును గదా. రుచి అంతయు 'తారె' అను చిక్కని ద్రవములో నుండును. సోయాసాసులో ఎండు శితాకె పుట్టగొడుగులను నానవేసి, దొరికినచో కొంబు అను ఎండు సముద్రపు నాచును చేర్చి, వెచ్చచేసి వడకట్టిన చాలును. ఒక్కొక్క గిన్నె అడుగున రెండు పెద్ద చెంచాల తారె పోసి, దానిపై మూడువందల మిల్లీలీటర్ల వేడి చారు పోయుదురు.

నూడిల్స్‌కు అరకిలో మైదా, అయిదు గ్రాముల ఉప్పు, నూటతొంబది మిల్లీలీటర్ల నీరు, అయిదు గ్రాముల క్షారము పట్టును. మన అప్పడాల పిండిలో వేయు క్షారము వంటిదే ఇది. పిండికి పసుపు వన్నెయు, సాగుడుతనమును ఇచ్చును. దీనిని ఇంట చేసికొనుట తేలిక. ఎనిమిది గ్రాముల వంటసోడాను 120 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఉంచిన, ఆవిరియు బొగ్గుపులుసు వాయువును పోయి సోడియం కార్బొనేటు మిగులును. తూచి చూడుడు. అయిదు గ్రాములకు దిగినచో పని ముగిసినట్లే. వట్టి చేతితో తాకరాదు. చాకలిసోడా కూడ సోడియం కార్బొనేటే యైనను, బజారులో బట్టలకై అమ్ము దానిని వంటకు వాడరాదు. పిండి మొదట పొడిపొడిగా ఉండి బెదరించును. సంచిలో వేసి అదిమి, గంటసేపు నాననిచ్చి, పలుచగా వత్తి, సన్నగా కోయవలెను. మరుగు నీట ఒక నిమిషము, మించిన ఒకటిన్నర నిమిషము ఉడికిన చాలును. పైన ఉల్లికాడలు, నువ్వులు, ఎఱ్ఱని అల్లపు ఊరగాయ, మెత్తగా ఉడికిన మాంసపు ముక్కలు ఎవరి యిష్టము వారిది.

పందిమాంసము ముట్టని ఇండ్లు మనలో ఎన్నియో కలవు. వారు కోడికాళ్లను, కోడి వెన్నెముకలను ఇదే తీరున తెరలగాచవచ్చును. జపానువారు దానిని 'తొరి పైతాన్' అందురు. కోడి ఎముకలు లేతవి గనుక కుక్కరులో గంట చాలును.

ఫుకువోకా నగరపు నాగహామా పేటలో చేపల బజారు కలదు. అచటి పనివారికి తీరిక లేనందున త్వరగా ఉడుకు సన్నని నూడిల్స్ వాడుకలోనికి వచ్చినవి. సన్ననివి చారులో త్వరగా మెత్తబడును గనుక, మొదట కొంచెమే వడ్డించి, అవి ముగియగానే మిగిలిన చారులో మరియొక పిడికెడు వేయుదురు. దీనిని 'కాయెదామా' అందురు. ఇంటిలోను ఇట్లే చేయుట మేలు. మిగిలిన చారును వెడల్పు పాత్రలో పోసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో నుంచుడు. తెల్లవారునప్పటికి అది జున్నువలె గట్టిపడి, గిన్నె కదపిన వణకును. పొయ్యి మీద పెట్టి మరియొకమారు తెరలనిచ్చిన మరల పాలవలె అగును.