పాట లేని రికార్డు

డీజేలకు వినైల్ మేలా, డిజిటల్ మేలా అంటే వాదన ఎప్పుడూ సౌండ్ క్వాలిటీ మీదికే పోతుంది. నన్నడిగితే రోజూ వాయించి బతికేవాళ్లకు అసలు సంగతి బరువు. 12 అంగుళాల రికార్డు మామూలుగా 140 నుంచి 180 గ్రాములుంటుంది. రాత్రంతా వాయించడానికి 80 రికార్డులు పట్టుకెళ్లారనుకోండి, అట్టలతో కలిపి 15 కిలోల దాకా మోత! పెన్‌డ్రైవ్ అయితే వేల పాటలు జేబులోనే.

దీనికి మధ్యేమార్గం సాఫ్ట్‌వేర్‌లో దొరికింది. 2004లో వచ్చిన సెరాటో స్క్రాచ్ లైవ్‌తో వాడే రికార్డులో అసలు పాటే ఉండదు, కీచుమనే ఓ టోన్ తప్ప. డీజే చేత్తో రికార్డును ముందుకు తోసినా, వెనక్కి లాగినా ఆ టోన్‌ని బట్టి వేగమెంత, ఎటు తిరుగుతోంది, ముల్లు ఎక్కడుంది అన్నవి ల్యాప్‌టాప్ లెక్కగట్టి, తనలో ఉన్న ఎంపీత్రీని అచ్చం అలాగే ఆడిస్తుంది. కోడ్ రాసుకు బతికే నాకు ఇంత ముద్దొచ్చే ఐడియా ఇంకోటి కనిపించలేదు. 1979 నాటి టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 మీద కూడా నిన్న విడుదలైన పాటను స్క్రాచ్ చేయొచ్చు మరి.

అలాగని ఇంకా రికార్డులే మోస్తున్నవాళ్లను చాదస్తులని అనలేను. రికార్డుకు గీత పడితే ఆ ఒక్క పాటతో పోతుంది. పెన్‌డ్రైవ్ మొరాయించిందా, ఆ రాత్రి కూలి మొత్తం గోవిందా. జాగ్రత్త తెలిసిన డీజేలు అందుకే అవే పాటలతో రెండో పెన్‌డ్రైవ్ కూడా వెంట ఉంచుకుంటారు.