ఉద్యోగం మానే ముందు వేయాల్సిన లెక్క

ఏమర్రా, ఈమధ్య కుర్రకారు నోట ఒకటే మాట వింటున్నాను. నలభై ఐదేళ్లకే ఉద్యోగం మానేసి, కూడబెట్టిన డబ్బుతో హాయిగా బతుకుతాం అంటున్నారు. మంచి ఆలోచనే. ఇంటి ఖర్చు, పిల్లల చదువు, ప్రయాణాలు అన్నీ లెక్కలో రాసుకుంటున్నారు. అమ్మానాన్నల పద్దు మాత్రం చాలామంది రాయడం లేదు. ఇవాళ ఆ పద్దు సంగతి చెప్పుకుందాం.

ముందు ఆయుర్దాయం. తోకచుక్కకు తన పేరు దక్కిన ఎడ్మండ్ హేలీ 1693లో బ్రెస్లా అనే ఊరి జనన మరణాల చిట్టా తీసుకుని, ఏ వయసులో ఎంతమంది మిగిలి ఉంటారో పట్టిక కట్టాడు. అలాంటి పట్టిక చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పుట్టినప్పటి ఆయుర్దాయం వేరు, ఇక మిగిలిన ఆయుర్దాయం వేరు. మన దేశంలో పుట్టే బిడ్డకు సగటున 70 ఏళ్లు అంటారు. అలాగని అరవై ఐదేళ్ల మీ అమ్మకు ఇంకా ఐదేళ్లేనని అనుకోకండి. ఆ సగటులో పసితనంలోనే పోయినవాళ్లూ కలిసి ఉన్నారు. అరవైకి చేరినవాళ్లకు సగటున ఇంకో 18 ఏళ్లు ఉంటాయి, ఆడవాళ్లకు మరికాస్త ఎక్కువ.

పైగా ఉన్నది ఇద్దరు. నాన్న ఎనభై దాటే అవకాశం సగం, అమ్మకూ సగం అనుకుందాం. ఇద్దరూ దాటకపోయే అవకాశం సగంలో సగం, అంటే పావు. కనీసం ఒక్కరైనా దాటే అవకాశం ముప్పావు! అందుకే జాగ్రత్త కోసం పెద్దవాళ్లలో ఒకరు తొంభై దాకా ఉంటారనే లెక్క వేసుకోవాలి.

ఇక ధరలు. 72ను పెరుగుదల శాతంతో భాగిస్తే, ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో ఇంచుమించుగా తేలుతుంది. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లు. వైద్యం ఖర్చు 12 శాతం చొప్పున పెరిగితే ఆరేళ్లే. ఇవాళ 2 లక్షలయ్యే ఆపరేషన్‌కు పన్నెండేళ్ల తర్వాత 8 లక్షలు కావాలి. ప్రభుత్వ పెన్షన్‌దారులకు ధరలతో పాటు పెరిగే కరువు భృతి (డీఆర్) ఉంటుంది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసినవాళ్లకు వచ్చే ఈపీఎస్ పెన్షన్‌కు అది లేదు, అందులో కనీస పెన్షన్ నెలకు వెయ్యి రూపాయలే.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. అమ్మానాన్నలకు నెలకు 20 వేలు తోడు కావాలనుకోండి. ఏడాదికి 2,40,000. మీ పొదుపు మీద వచ్చే రాబడి ధరల పెరుగుదలకు సరిపోతుందనుకున్నా, ఇరవై ఏళ్లకు 48 లక్షలు ఇవాళే పక్కన ఉండాలి. రాత్రి తోడుండే ఆయా, ఫిజియోథెరపీ, రోజువారీ బీపీ, షుగర్ మాత్రలు ఇందులోనే రావాలి. ఆసుపత్రి బిల్లు దీనికి అదనం.

ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. కంపెనీ ఇన్సూరెన్సులో అమ్మానాన్నలు ఉన్నారుగా అని ధీమాగా ఉంటారు. మీరు రాజీనామా చేస్తే మామూలుగా ఆ పాలసీ అక్కడితో సరి. కొత్త పాలసీలో, అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే విడిగా పాలసీ తీసుకోండి. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏటా కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే, ఇంట్లో ఆయా జీతానికి కాదు. అరవై దాటినవాళ్లు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా దాచి, మూడు నెలలకోసారి వడ్డీ తీసుకోవచ్చు.

అమ్మానాన్నల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ప్రకారం ఆ బాధ్యత కొడుకుదీ, కూతురిదీ కూడా. అందుకని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి కూర్చుని ఎవరెంత భరించగలరో ఇప్పుడే మాట్లాడుకోండి. అమ్మానాన్నలనూ అడగండి: పెన్షన్ ఎంత, అప్పులున్నాయా, పాలసీ కాగితాలు ఎక్కడున్నాయి, నామినీ ఎవరు? మా దగ్గర ఉన్నదేదో ఉందిలే, మా గురించి బెంగపడకండి అంటారు. ఆ మాటతో ఊరుకోకండి. మర్యాదగా, ఓపికగా మళ్లీ అడగండి. ఆ జవాబులు కాగితం మీదకు వచ్చాకే రాజీనామా ఉత్తరం రాయండి.