తృప్తిని కొలిచే నాలుగు ప్రశ్నలు

మోకాలి కీలు మార్చాక ఎక్స్‌రే చూసి వైద్యుడు సంతోషించవచ్చు, రోగి సంతోషించకపోవచ్చు. ఈ తేడాను పట్టుకోవడానికి నిజార్ మహమెద్ బృందం 2011లో ఒక చిన్న ప్రశ్నావళిని ప్రచురించింది. నాలుగే ప్రశ్నలు: మొత్తం ఫలితం, నొప్పి ఉపశమనం, ఇంటిపని లేదా పెరటిపని చేసుకోగలగడం, వినోద కాలక్షేపాలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు, 25 నుంచి 100 వరకు మార్కులు. వాటి సగటే తృప్తి.

దీన్ని తుర్కీలోకో అరబ్బీలోకో మార్చడానికి ఒక పూట చాలదా అనిపిస్తుంది. చాలదు. 2000లో డార్కస్ బీటన్ ప్రభృతులు సూచించిన పద్ధతిలో ఇద్దరు విడివిడిగా అనువదించాలి. మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి. నిపుణుల సంఘం తేడాలు తేల్చాలి. ఆపైన 30, 40 మంది రోగులకిచ్చి, వారికి ఏమి అర్థమైందో అడగాలి. అసలు చిక్కులు బయటపడేది ఈ చివరి మెట్టులోనే.

ఒమాన్‌నే తీసుకుంటే, పెరటిపని అన్న మాటే ఇబ్బంది పెడుతుంది. అమెరికాలో అది పచ్చిక కోయడం. నిజ్వా ప్రాంతపు వృద్ధుడికి ఫలజ్ కాలువ నీటితో పెరిగే ఖర్జూరపు తోట పెరడా, జీవనాధారమా? పనిమనిషి ఉన్న ఇంటి పెద్దావిడ ఇంటిపని గురించి ఏమని రాయాలి? ఇక వినోదమంటే చాలామందికి మజ్లిస్‌లో నేలమీద కూర్చుని కహ్వా తాగుతూ మాట్లాడుకోవడం. కబుర్లకు కష్టమేమీ లేదు, కష్టమంతా కూర్చోవడం, లేవడంలోనే. నమాజులో మోకరిల్లడం సంగతి ఈ నాలుగింటిలో ఎక్కడా లేదు. 1998 నాటి ఆక్స్‌ఫర్డ్ మోకాలి ప్రశ్నావళి మాత్రం మోకరిల్లి మళ్ళీ లేవగలరా అని అడుగుతుంది. అలాగని ఐదో ప్రశ్న చేరిస్తే ఇతర దేశాల మార్కులతో పోల్చడం కుదరదు. ఉన్న ప్రశ్నలకు స్థానిక ఉదాహరణలు జోడించి, మోకరిల్లడాన్ని వేరే పత్రంలో అడగడమే మేలు.

జవాబుల్లోనూ ఒక మెలిక ఉంది. ఎలా ఉందంటే "అల్‌హమ్దులిల్లా" అంటారు. అది కృతజ్ఞతే తప్ప కొలత కాదు. మన "ఏదో, పరవాలేదండీ" కూడా అంతే. ఈ ప్రశ్నావళిలో మధ్యస్థమైన జవాబు లేదు: కొంత తృప్తి, లేదా కొంత అసంతృప్తి. "పరవాలేదు" అన్నవాణ్ణి 75 దగ్గర ఉంచాలా, 50 దగ్గరా?

పైగా ఒమాన్‌లో అరబ్బీతోపాటు బలూచీ, స్వాహిలీ మాట్లాడే స్వదేశీయులున్నారు. మలయాళం, బెంగాలీ, తెలుగు మాట్లాడే వలసజీవులున్నారు. చదవలేని తల్లికి కొడుకు ప్రశ్న చదివి వినిపిస్తే, శస్త్రచికిత్సకు ఖర్చుపెట్టిన ఆ కొడుకు ముఖం చూస్తూ ఆమె చెప్పే జవాబు, ఒంటరిగా గీసే టిక్కు ఒకటి కావు. రోగి తానే నింపాలన్న నియమం పెట్టింది అందుకే. నర్సు చదివి నింపిన పత్రాలనైనా, ఇంటివాళ్ళు నింపిన వాటినైనా విడిగా గుర్తించి లెక్కకట్టాలి.