‘సర్వర్ లేదు’ అంటే ఏమి లేదని?

అడంగల్ కోసం బస్సెక్కి టౌనుకు పోయిన రైతు “సర్వర్ లేదంటప్పా” అని వట్టి చేతులతో తిరిగి రావడం మా పల్లెల్లో మామూలే. మా నాయనా అట్లా వచ్చినవాడే. మిత్రులారా, సర్వర్ నిజంగా లేకుంటే ఏ జవాబూ రాదు. తెర మీద మూడంకెల సంఖ్య కనిపించిందంటే అవతల ఎవరో పలికినట్లే.

1991 నాటి తొలి వెబ్‌లో ఈ సంఖ్యలు లేవు. 1996లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఉన్నాయి. మొదటి అంకె 2 అయితే పని జరిగింది. 3 అయితే, చాలావరకు, పోస్టుమాన్ జాబును కొత్త ఇంటికి మళ్లించినట్లు.

చిక్కంతా 4, 5 దగ్గరే. 4 అంటే అడిగిన తీరులో లోపం, 5 అంటే సర్వర్‌లో లోపం. 401 ‘నువ్వెవరో రుజువు చూపు’ అంటుంది. 403 ‘అర్థమైంది గానీ ఇవ్వను’ అంటుంది. 404 ‘ఆ చిరునామాలో ఏమీ దొరకలేదు’ అంటుంది. అంతమాత్రాన రైతుదే తప్పనుకోరాదు. సైటు కట్టినవాళ్లు పాత లింకును సరిచేయకుండా వదిలేసినా 404 వస్తుంది!

500 అంటే లోపలేదో చెడింది. 503 మాత్రం, టమోటా సీజన్లో మదనపల్లె మార్కెట్‌కు బండ్లన్నీ ఒక్కసారి వచ్చిపడినట్లు, ప్రస్తుతానికి తట్టుకోలేనని చెప్పడం. ఎంతసేపటికి మళ్లీ రావాలో కూడా సర్వర్ దాంతోపాటే చెప్పవచ్చును. ఆగలేక బటన్ పదేపదే నొక్కితే 429, అంటే ‘మరీ ఎక్కువసార్లు అడిగినావు’, రావచ్చు.

కాబట్టి కౌంటర్లో సంఖ్య ఎంతో అడగండి. 503 అయితే టీ తాగి వచ్చి మళ్లీ చూడవచ్చు. 403 అయితే పొద్దుగూకేదాకా కూర్చున్నా లాభం లేదు, అనుమతి ఇచ్చేవాళ్లకు అర్జీ పెట్టుకోవలసిందే.