రిపోర్టులో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

మన ప్రాజెక్ట్ రిపోర్టులు చాలావరకు ఒకే పద్ధతిలో తయారవుతాయి. ఆర్‌లోనో పైథాన్‌లోనో కోడ్ రన్ చేస్తాం, గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీస్తాం, వర్డ్‌లో పేస్ట్ చేస్తాం. తర్వాత సర్వేలో ఒకళ్ళే రెండుసార్లు నింపిన ఫారాలు మూడు దొరికి, వాటిని తీసేశామనుకోండి. సగటు మారుతుంది, గ్రాఫ్ మారుతుంది. నాలుగో పేజీలో చేత్తో టైప్ చేసిన పాత అంకె మాత్రం అలాగే కూర్చుంటుంది. వైవాలో సరిగ్గా దాన్నే అడుగుతారు!

దీనికి మందు, కోడ్‌నీ రాతనీ ఒకే ఫైల్‌లో పెట్టడం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ప్రోగ్రామ్‌ని మనుషులు చదువుకునేలా రాయాలని డోనాల్డ్ క్నూత్ 1984లోనే "లిటరేట్ ప్రోగ్రామింగ్" పేరుతో చెప్పారు. 2002లో ఫ్రీడ్రిష్ లైష్ తెచ్చిన స్వీవ్‌తో లేటెక్ డాక్యుమెంట్ మధ్యలోనే ఆర్ కోడ్ రాయడం కుదిరింది. ఆ దారిలోనే నిటర్, ఆర్ మార్క్‌డౌన్ వచ్చాయి. 2022లో వచ్చిన క్వార్టో ఆర్, పైథాన్, జూలియా మూడింటితోనూ పనిచేస్తుంది.

మరి ఏది వాడాలి? నేనైతే పని ఏ దశలో ఉందో చూస్తాను.

డేటాని ఇంకా తవ్వి చూస్తుంటే జూపిటర్ హాయి. కానీ అందులో సెల్స్‌ని ఏ వరసలోనైనా రన్ చేయొచ్చు. సెల్ డిలీట్ చేసినా దాని వేరియబుల్ మెమరీలో బతికే ఉంటుంది. అందుకే సబ్మిట్ చేసేముందు కెర్నల్ రీస్టార్ట్ చేసి, అన్నీ మొదటి నుంచి రన్ చేయాలి. పైగా అవుట్‌పుట్ కూడా అదే జేసన్ ఫైల్‌లో ఉంటుంది కాబట్టి, గిట్‌లో ఏం మారిందో చదవడం తలనొప్పి.

రిపోర్ట్ రాసే దశకి వస్తే క్వార్టో మేలు. మామూలు టెక్స్ట్ ఫైల్ కాబట్టి టీమ్‌లో నలుగురూ గిట్‌లో సులువుగా పంచుకోవచ్చు. వాక్యం మధ్యలో అంకె బదులు చిన్న కోడ్ ముక్క పెడితే, రెండర్ చేసినప్పుడు సగటు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఇప్పటికే అంతా లేటెక్‌లో రాస్తున్నవాళ్ళకి నిటర్ చాలు.

తెలుగులో రాసేవాళ్ళకి ఒక మాట. హెచ్‌టీఎంఎల్‌కి ఇబ్బంది లేదు. పీడీఎఫ్ కావాలంటే మాత్రం పీడీఎఫ్‌లేటెక్‌తో కుదరదు. జీలేటెక్ ఎంచుకుని, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పేరు ఇవ్వాలి.

ఏ టూల్ అయినా తప్పు లెక్కని ఒప్పు చెయ్యదు. ఆ లెక్క ఎలా వచ్చిందో మాత్రం దాచకుండా చూపిస్తుంది. మీ ఫైల్‌ని, డేటాతో సహా, ఫ్రెండ్ లాప్‌టాప్‌లో రన్ చేసి చూడండి. అవే అంకెలు వస్తే వైవాకి ధైర్యంగా వెళ్ళొచ్చు.