పాత మందుకు కొత్త పని: బోదకాలు నిర్మూలనలో ఔషధ పునర్నియోగం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక వ్యాధికి గాని, ఒక జీవికి గాని ఉద్దేశించి రూపొందించిన మందును మరొక వ్యాధి చికిత్సకు వినియోగించడం ఆధునిక వైద్యశాస్త్రంలో ఒక ముఖ్యమైన మార్గం. నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల పరాన్నజీవి వ్యాధుల విషయంలో ఈ మార్గానికి ప్రాధాన్యం మరింత ఎక్కువ. తెలుగు నేలకు చిరపరిచితమైన బోదకాలు వ్యాధిని ఆధారంగా చేసుకొని ఈ మార్గం స్వరూపాన్ని, పరిమితులను వివరించడం, మందును ప్రజల చేత మింగించడంలో భాష నిర్వహించవలసిన పాత్రను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బోదకాలు, ఔషధ పునర్నియోగం, యల్లాప్రగడ సుబ్బారావు, డి.ఇ.సి., ఐవర్‌మెక్టిన్, సామూహిక ఔషధ సేవనం, పరిభాష.

1. ప్రవేశిక:

బోదకాలు మనకు కొత్త వ్యాధి కాదు. సంస్కృత వైద్య గ్రంథాలు దీనిని 'శ్లీపదం' అన్నాయి. పాత నీరు నిలిచి ఉండే, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రదేశాల్లో ఈ వ్యాధి ఎక్కువగా పుడుతుందని సుశ్రుతసంహిత గుర్తించింది. ఆ నిలవ నీటికీ వాచిన కాలికీ నడుమ ఉన్న లంకె దోమ అని తెలియడానికి మాత్రం 19వ శతాబ్దం వరకు ఆగవలసి వచ్చింది. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ ఫైలేరియా సూక్ష్మక్రిములు దోమ శరీరంలో ఎదగడాన్ని గమనించాడు. మలేరియాను కూడా దోమే మోస్తుండవచ్చునన్న ఊహకు ఈ పరిశీలనే ఆధారమైంది. ఆ ఊహను వెంట తెచ్చుకొన్న రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో దోమ జీర్ణాశయపు గోడపై మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఒక వ్యాధి నుంచి పుట్టిన ఆలోచన మరొక వ్యాధి గుట్టు విప్పిందన్నమాట. ఈ వ్యాసం రాస్తున్న కాప్రా కూడా సికింద్రాబాదు ప్రాంతంలోనిదే. కాప్రా చెరువు చుట్టూ కాలనీలు పెరిగిన ఈ రోజుల్లో మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఇక్కడివారికి నిత్య పరిచయం. బోదకాలును మోసేది ఈ దోమే.

2. పేరు విషయం:

ఈ పద్ధతిని తెలుగులో చెప్పేటప్పుడు 'పునర్వినియోగం' అనే మాట ముందుగా స్ఫురిస్తుంది. కాని వాడిన సీసాను మళ్ళీ వాడుకోవడానికీ ఆ మాటే ప్రచారంలో ఉంది. మందుల విషయంలో అది మిగిలిపోయిన మాత్రలను మళ్ళీ వేసుకోవడమనే అపార్థానికి దారి తీయవచ్చు. ఒక పనికి నియమితమైన మందును పరీక్షించి మరొక పనికి నియోగించడం ఇక్కడి విషయం కనుక 'ఔషధ పునర్నియోగం' అనే మాటను ఈ వ్యాసంలో ప్రతిపాదించి వాడడమైంది.

ఈ పద్ధతిలో ప్రధానమైన లాభం కాలం కలిసిరావడం. మందు మనిషి శరీరంలో ఎలా ఇంకుతుంది, ఎంత మోతాదు భద్రం, ఏ అవయవాన్ని బాధిస్తుంది అనే ప్రశ్నలకు చాలావరకు జవాబులు ముందే ఉంటాయి. కొత్త వ్యాధిపై పనిచేస్తుందా లేదా అన్నదే ప్రధానంగా తేలవలసిన అంశం.

3. భీమవరం నుంచి విశాఖ వరకు:

బోదకాలు మందుల చరిత్రలో మొదట స్మరించదగిన వ్యక్తి తెలుగువాడు కావడం విశేషం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో చేరి అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులు ఫైలేరియా బారిన పడ్డారు. ఆసియా, ఆఫ్రికా గ్రామాల్లో ఎంతోకాలంగా ఉన్న వ్యాధి ధనిక దేశపు సైన్యాన్ని తాకినప్పుడు పరిశోధనకు ఊపు వచ్చింది. సుబ్బారావు బృందం వెలికితీసిన డైఇథైల్‌కార్బమజైన్ (డి.ఇ.సి.) ఫలితాలు 1947లో వెలువడ్డాయి. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు.

డి.ఇ.సి. పునర్నియోగం వల్ల వచ్చిన మందు కాదు, ఫైలేరియా కోసమే వెతికి పట్టిన మందు. అయితే అదే ప్రయోగశాల నుంచి రక్త క్యాన్సర్ కోసం వచ్చిన మెథోట్రెక్సేట్ తరువాతి కాలంలో కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు నియుక్తమైంది. ఒకే వ్యక్తి సారథ్యంలో మందుల ఆవిష్కరణకు సంబంధించిన రెండు మార్గాలకూ ఉదాహరణలు దొరకడం గమనార్హం.

డి.ఇ.సి. కథ తెలుగు నేలకే తిరిగివచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా వివిధ దేశాలకు 220 కోట్ల డి.ఇ.సి. మాత్రలను ఉచితంగా అందిస్తామని 2012లో జపానుకు చెందిన ఐసాయ్ సంస్థ ప్రకటించింది. వాటి తయారీకి ఎంచుకొన్నది విశాఖపట్నంలోని తన కర్మాగారాన్నే.

4. పశువుల మందు మనిషికి:

డి.ఇ.సి. రక్తంలోని సూక్ష్మక్రిములను బాగా తగ్గిస్తుంది. శోషరస నాళాల్లో గూడు కట్టుకొన్న పెద్ద పురుగులన్నిటినీ చంపలేదు. ఆ పురుగులు ఏళ్ళ తరబడి బతికి కొత్త క్రిములను కంటూనే ఉంటాయి. ఈ లోటు తీర్చడానికి తోడు వచ్చిన రెండు మందులూ పశువైద్యం నుంచి వచ్చినవే.

వాటిలో మొదటిది ఆల్బెండజోల్. పశువుల కడుపులోని పురుగులను పోగొట్టడానికి పుట్టిన ఈ మందు తరువాత మనుషుల నులిపురుగుల నివారణకు వచ్చింది. మన బడిపిల్లలకు నులిపురుగుల దినాన ఇచ్చే మాత్ర ఇదే. రెండవది ఐవర్‌మెక్టిన్. జపానులో సతోషి ఒమురా సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవి దీనికి మూలం. అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ బృందం దానిని పశువుల పరాన్నజీవులపై మందుగా మలచింది. 1981లో పశువుల మందుగా విపణిలోకి వచ్చిన ఐవర్‌మెక్టిన్ 1987లో మనుషులకు, ఆఫ్రికాలోని 'నదీ అంధత్వ' నివారణ కోసం, అనుమతి పొందింది. ఈ కృషికి వారిద్దరికీ 2015లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఈ మూడింటినీ కలిపి ఒక్కసారి ఇస్తే ఏమవుతుందో పాపువా న్యూగినీలో పరీక్షించారు. 2018లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, మూడు మందులు ఒక్కసారి తీసుకొన్నవారిలో ఏడాది తరువాత 96 శాతం మంది రక్తంలో సూక్ష్మక్రిములు లేవు. డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రమే తీసుకొన్నవారిలో అది 32 శాతం. 2017లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని ప్రాంతాలకు ఈ త్రిఔషధ విధానాన్ని సిఫారసు చేయగా, భారతదేశం కొన్ని జిల్లాల్లో దానిని ప్రారంభించింది.

5. పరిమితులు:

పాత మందు కనుక ఎక్కడైనా భద్రమే అనుకోవడం పొరపాటు. నదీ అంధత్వం ఉన్నవారికి డి.ఇ.సి. ఇస్తే కంటికి తీవ్రమైన హాని కలగవచ్చు. అందుకే ఆ వ్యాధి ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో త్రిఔషధ విధానం అమలు కాదు. క్యాన్సర్ కోసం రూపొందిన మిల్టెఫోసిన్ 2002లో మన దేశంలో కాలా అజార్‌కు నోటి మందుగా అనుమతి పొందింది. అయితే గర్భస్థ శిశువుకు హాని చేసే గుణం, చికిత్స తరువాత వ్యాధి తిరగబెట్టడం దాని వాడకాన్ని పరిమితం చేశాయి. దాని స్థానంలోకి వచ్చిన ఆంఫోటెరిసిన్-బి కూడా శిలీంధ్ర వ్యాధుల కోసం పుట్టిన మందే. కోవిడ్ కాలంలో ఐవర్‌మెక్టిన్‌ను ఎందరో సొంతంగా వాడారు. పెద్ద పరీక్షల్లో దానివల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదు. పరీక్ష లేని పునర్నియోగం చికిత్స అనిపించుకోదు.

ఆర్థిక పరిమితి మరొకటి. పేటెంటు కాలం తీరిన చౌక మందుపై, అందులోనూ కొనే శక్తి లేని రోగుల కోసం, ఖర్చు పెట్టడానికి వాణిజ్య సంస్థలకు ఆసక్తి ఉండదు. ఈ ఖాళీని పూరించడానికి 2003లో ఏర్పడిన 'నిర్లక్షిత వ్యాధుల ఔషధ కార్యక్రమం' వ్యవస్థాపక సంస్థల్లో భారత వైద్య పరిశోధన మండలి ఒకటి. ఒకప్పుడు పక్కన పడేసిన ఫెక్సినిడజోల్‌ను తిరిగి వెలికితీసి, ఆఫ్రికా నిద్రజాడ్యానికి నోటి మందుగా 2018 నాటికి నిలబెట్టింది ఈ సంస్థే.

6. పంపిణీ - సేవనం:

మందు సిద్ధమైనంత మాత్రాన వ్యాధి పోదు. బోదకాలు నిర్మూలనకు ఆ ప్రాంతంలోని మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది ఏటేటా మాత్రలు మింగాలన్నది ప్రమాణం. మన దేశంలో 2004 నుంచి ఈ కార్యక్రమం విస్తృతంగా జరుగుతోంది. కోస్తా జిల్లాలతో పాటు నల్గొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలవారికీ ఇది తెలిసినదే. దీనిని వార్తల్లో తరచు 'మాత్రల పంపిణీ' అంటుంటారు. లోపం ఈ మాటలోనే ఉంది. పంచిన మాత్రలన్నీ కడుపులోకి పోవు. గూట్లోకి, చెత్తబుట్టలోకి పోయినవి కూడా లెక్కలో చేరిపోతాయి. ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మింగించాలన్న నియమం ఈ అంతరాన్ని తగ్గించడానికి వచ్చింది. అందువల్ల 'సామూహిక ఔషధ సేవనం' అనడం, వాడుకలో 'అందరూ మాత్ర మింగే రోజు' అనడం సముచితం.

మరి, కాలు బాగున్నవాడు మందెందుకు మింగాలి? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోతే కార్యక్రమం విఫలమవుతుంది. ఏ లక్షణమూ లేని మనిషి రక్తంలో రాత్రివేళ క్రిములు తిరుగుతుండవచ్చు, దోమ వాటినే పక్కింటికి చేరవేస్తుంది. మింగిన మాత్ర తనకే కాక ఇరుగుపొరుగుకూ రక్ష అని చెప్పాలి. మాత్ర వేసుకొన్నాక కొందరికి జ్వరం, తలనొప్పి రావడం చూసి 'మందు వికటించింది' అంటారు. ఆ మాట ఊరంతా పాకితే మరుసటి ఏడు ఎవరూ చేయి చాపరు. చాలా సందర్భాల్లో అది క్రిములు చచ్చేటప్పుడు శరీరం చూపే ప్రతిస్పందన. మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఈ సంగతి జ్వరం వచ్చాక కాదు, మాత్ర చేతిలో పెట్టేముందే చెప్పాలి. గర్భిణులకు, పసిపిల్లలకు, తీవ్ర వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఉన్నదనీ అప్పుడే చెప్పాలి.

ఇప్పటికే కాలు వాచినవారి విషయం వేరు. ఈ మాత్రలు ఆ వాపును తీయలేవు. రోజూ సబ్బుతో కాలు కడిగి తుడుచుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, కాలును ఎత్తులో ఉంచడం వారికి ఊరటనిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులను ఆసరా పింఛనుకు అర్హులుగా చేర్చడం ఈ శాశ్వత నష్టాన్ని అంగీకరించడమే. నిర్మూలన గురించి మాట్లాడేటప్పుడు వీరిని మరచిపోరాదు.

7. ముగింపు:

1. నిర్లక్షిత పరాన్నజీవి వ్యాధులకు లాభాపేక్షతో కొత్త మందులు వచ్చే అవకాశం తక్కువ కనుక ఔషధ పునర్నియోగం ఆవశ్యకమైన మార్గం. దానికి ప్రజాసంస్థల పూనిక అవసరం.

2. బోదకాలుకు వాడే మూడు మందుల్లో ఒకటి ఈ వ్యాధి కోసమే పుట్టింది, రెండు పశువైద్యం నుంచి వచ్చాయి. వాటి కలయిక ఏ ఒక్కదానికంటే బలమైనది.

3. పాత మందు కూడా కొత్త వ్యాధి దగ్గర, కొత్త ప్రాంతంలో తిరిగి పరీక్షకు నిలవాలి.

4. మందు తయారీకీ మనిషి మింగడానికీ నడుమ ఉన్నది చాలావరకు భాషకు సంబంధించిన దూరం. ఆ దూరాన్ని తగ్గించే పరిభాషను, వివరణను సమకూర్చడం తెలుగు శాఖల పరిశోధకుల బాధ్యత కూడా. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త కనుగొన్న మందు, విశాఖలో తయారయ్యే మందు తెలుగువారి గూట్లో మింగకుండా మిగిలిపోతే ఆ లోపం మందుది కాదు.